పాత మాటతో కొత్త జాగ్రత్త: భూకంపం గురించి జనానికి గుర్తుండేలా చెప్పడం ఎలా?

నడిచేగుట్ట | సోమవారం, ఉదయం 7:42

భూకంప జాగ్రత్తల మీద తెలుగులో ఒక కరపత్రం రాసే పని నెల కిందట నా మీద పడింది. కష్టపడి రాశాను. పన్నెండు సూచనలు, పక్కన బొమ్మలు, అత్యవసర సంచిలో సర్దుకోవలసిన వస్తువుల పట్టిక. చదివి వినిపిస్తే ముప్పై మంది దాకా శ్రద్ధగా విన్నారు, బాగుందన్నారు. పది రోజుల తరువాత వాళ్లనే కలిసి "నేల అదిరితే మొట్టమొదట ఏం చేస్తారు?" అని అడిగాను. ఎక్కువమంది బయటికి పరుగెత్తుతామన్నారు. ఇద్దరు టీవీ పెట్టి చూస్తామన్నారు. ఒకాయన "మీరిచ్చిన కాగితం తీసి చూస్తాను" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

ఆ మనుషులే చిన్నప్పుడు విన్న పొడుపు కథను నలభై ఏళ్ల తరువాత కూడా పొల్లుపోకుండా అప్పజెబుతారు. అందుకే నా సందేహం. తరతరాలుగా నోటి మాటగా వచ్చిన తెలివి భూకంపాల విషయంలో ఎక్కడైనా నిజంగా ప్రాణాలు కాపాడిందా? లేక అది మనం చెప్పుకొని మురిసిపోయే ముచ్చటేనా? కాపాడి ఉంటే, అందులో ఏముండబట్టి కాపాడింది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఒడ్డునపడవ | సోమవారం, ఉదయం 8:15

కాపాడింది. సిమ్యులూ ద్వీపం పేరు వినే ఉంటారు. అయినా కాస్త వివరంగా చెబుతాను, ఆ కథను చాలామంది సగమే చెబుతారు కనుక.

ఇండోనేషియాలో సుమత్రాకు పడమటి వైపున ఉంటుంది ఆ ద్వీపం. 1907లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. వెనకే సముద్రం ఊళ్ల మీద పడింది, ఎంతోమంది పోయారు. ఆ అలను వాళ్ల భాషలో 'స్మొంగ్' అంటారు. మిగిలినవాళ్లు ఆ రోజు జరిగింది పిల్లలకు చెప్పారు, ఆ పిల్లలు తమ పిల్లలకు చెప్పారు. అలా పెద్దలు కూర్చోబెట్టి చెప్పే కథలను అక్కడ 'నాఫి-నాఫి' అంటారు. క్రమంగా అది పాటల్లోకీ ఎక్కింది.

దాదాపు 98 ఏళ్లు గడిచాయి. 2004 డిసెంబరు 26న 9.1 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు దాని కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న నేల ఆ ద్వీపమే. కొన్ని ఊళ్లకు తొలి అల పది నిమిషాల లోపే చేరింది. ఏ సైరనూ మోగలేదు. ఏ ఫోనూ రాలేదు. ఊగడం ఆగగానే "స్మొంగ్, స్మొంగ్" అన్న కేకలు లేచాయి, జనం గుట్టలెక్కారు. దాదాపు 78,000 మంది ఉన్న చోట చనిపోయినవాళ్లు ఏడుగురు. ఆ ఒక్క రోజున ఇండోనేషియా మొత్తంలో పోయినవాళ్లు లక్షన్నరకు పైమాటే.

ఆ కథ ఎంత చిన్నదో చూడండి. నేల గట్టిగా ఊగి, ఆపైన సముద్రం వెనక్కి పోతే, గుట్టెక్కు. ఒక గుర్తు, దాని వెనకే ఒక పని. మీ పన్నెండు సూచనల్లో గుర్తు ఎక్కడుంది, పని ఎక్కడుంది?

గచ్చుసున్నం | సోమవారం, ఉదయం 9:30

నేను కట్టడాల ఇంజినీరుని, కాబట్టి కాస్త చేదుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

పడవ గారు చెప్పింది నిజమే కానీ అది సునామీ సంగతి. భూకంపం అక్కడ హెచ్చరిక, అల అసలు గండం. మధ్యలో పది నిమిషాల వ్యవధి ఉంది. గండం భూకంపమే అయినప్పుడు మీ చేతిలో ఉండేవి క్షణాలు. ఇల్లు నిలుస్తుందా, కూలుతుందా అన్నది ఆ క్షణాల్లో తేలేది కాదు. గోడ లేపిన రోజునే తేలిపోతుంది.

ఇంకొకటి. సంప్రదాయం అన్న మాట వినగానే దండం పెట్టేస్తున్నాం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 3:56కు మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చింది. తీవ్రత 6.2 మాత్రమే. పోయినవాళ్లు దాదాపు 10,000 మంది. వాళ్ల మీద పడినవి సంప్రదాయ ఇళ్లే: బురదతో పేర్చిన మందపాటి రాతి గోడలు, పైన దూలాల మీద అడుగుల మందాన మట్టి కప్పు. ఎండకు చల్లగా, దొంగలకు గట్టిగా ఉండే ఇళ్లు. వాటిని కట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. తరాల తరబడి వాళ్లకు ఎదురైన కష్టాలు ఎండ, దొంగలు. భూకంపం వాళ్ల తాతల జ్ఞాపకంలో లేదు. జ్ఞాపకంలో లేనిది సంప్రదాయంలోకి ఎలా వస్తుంది?

ప్రాణం కాపాడిన కథలే మనదాకా వస్తాయి. ముంచిన కథలు చెప్పడానికి ఎవరూ మిగలరు.

నిద్రపట్టనిపిల్లి | సోమవారం, ఉదయం 10:04

అందరూ అసలు విషయం వదిలేస్తున్నారు. పాతవాళ్ల దగ్గర ఉన్న గొప్ప విద్య భూకంపాన్ని ముందే పసిగట్టడం. కుక్కలు ఏడుస్తాయి, పాములు పుట్టల్లోంచి బయటికి వస్తాయి, బావి నీళ్లు మసకబారతాయి. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంప లక్షణాల మీద ఒక అధ్యాయమే రాశాడు. 1975లో చైనా వాళ్లు జంతువులను గమనించి నగరం మొత్తం ఖాళీ చేయించారు. ఇవి కరపత్రంలో పెడితే జనం ఇట్టే గుర్తుపెట్టుకుంటారు.

ఇసుకగడియారం | సోమవారం, ఉదయం 11:20

పిల్లి గారూ, గుర్తుపెట్టుకుంటారు, సందేహం లేదు. నా భయమూ అదే.

మీరు చెప్పిన నగరం హైచెంగ్. 1975 ఫిబ్రవరి 4న ఖాళీ చేయించిన మాట నిజం, 7.3 తీవ్రతతో భూకంపం వచ్చిన మాటా నిజం. అయితే అంతకుముందు అక్కడ చిన్న చిన్న అదురులు వరుసగా వచ్చాయి, ఆ ముందు రోజుకు అవి బాగా ముదిరాయి. జనాన్ని కదిలించిన ప్రధాన కారణం అదే. ఏడాదిన్నర తిరగకుండానే, 1976 జులై 28న, అదే దేశంలో తాంగ్‌షాన్ కూలింది. అధికారిక లెక్కే 2,42,000 మంది. ఏ హెచ్చరికా లేదు. అక్కడ కుక్కలు, పాములు లేక కాదు కదా.

వరాహమిహిరుడి అధ్యాయం ఎత్తారు కాబట్టి: ఆయన మొదట చెప్పింది తన కాలానికి ఉన్న రకరకాల అభిప్రాయాలు. సముద్రంలోని మహా జంతువులు కదలడమని కొందరు, భూమిని మోసే దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలులు ఢీకొనడమని కొందరు అంటారని వరుసగా పేర్కొన్నాడు. మనకన్నా ఓపికగా అన్ని పక్షాలూ విన్నాడు, మంచిదే. కానీ రేపు నేల అదిరితే ఏం చేయాలో అందులో దొరకదు.

భూకంపం రాకముందు కనబడే గుర్తులు అని చెప్పేవి నమ్మదగినవి కావు. వచ్చాక ఒంటికి తెలిసే గుర్తు, అంటే నిలబడలేనంత గట్టిగా లేదా ఎంతకీ ఆగకుండా నేల ఊగడం, అది అబద్ధం చెప్పదు. సిమ్యులూ కథ కట్టుకున్నది ఈ రెండో రకం గుర్తు మీద.

కాపలాదారు (నిర్వాహకుడు) | సోమవారం, మధ్యాహ్నం 12:10

'ఫలానా తేదీన భూకంపం' అన్న సందేశాన్ని ఈ చర్చలో ఒకరు అతికించారు. తొలగించాను. రోజు, చోటు, తీవ్రత ముందుగా చెప్పగల పద్ధతి ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు. మళ్లీ పెడితే ఖాతా ఆగుతుంది. చర్చ కొనసాగించండి.

తాపీమేస్త్రి | సోమవారం, రాత్రి 9:48

పొద్దంతా పనిలో ఉన్నాను, ఇప్పుడే చదివాను. ఇంజినీరు గారు కిల్లారి గోడల గురించి చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఒక మాట కలపాలి.

మందపాటి రాతి గోడ చూడటానికి ఒకే గోడలా ఉంటుంది, లోపల రెండు గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో ముక్కరాళ్లు, మట్టి. ఊపు వస్తే మధ్యలోది కిందికి దిగి రెండు వరసలనూ తోస్తుంది. గోడకు పొట్ట వస్తుంది, పగులుతుంది, పైకప్పు కూర్చుంటుంది. దీనికి మందు మా తాతల నాటిదే. అక్కడక్కడా గోడ మందమంతా పట్టేంత పొడుగు రాయిని అడ్డంగా వేసి రెండు వరసలనూ కలిపి కుట్టాలి. నాకు పని నేర్పిన పెద్దాయన 'రాయి రాయిని కౌగిలించుకోవాలిరా' అనేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అంత పొడుగు రాళ్లు ఖర్చని ఇంటివాళ్లు వద్దంటారు. మూడు దశాబ్దాల్లో ఎన్ని గోడల్లో ఆ రాయి వేయకుండా వదిలేశానో తలుచుకుంటే ఇప్పుడు గుండె జారుతుంది.

అంటే తెలివి పూర్తిగా పోలేదు, అందులో కొంతే మిగిలింది, పై రూపం మాత్రం నిలిచింది. జనం చూసి పాత ఇల్లనే అంటారు.

ఇసుకగడియారం | సోమవారం, రాత్రి 10:15

మేస్త్రి గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది మీ పెద్దాయన మాటే.

మీరన్నదానికి ఎదురు ఉదాహరణ హిమాలయాల్లో ఉంది. హిమాచల్‌లో కాఠ్-కునీ అంటారు. ఒక వరస దేవదారు దూలాలు, ఒక వరస రాళ్లు, మూలల దగ్గర దూలాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటాయి. ఉత్తరాఖండ్‌లోని యమునా లోయలో ఇదే తరహాలో కట్టిన కోటీ బనాల్ ఇళ్లు నాలుగైదు అంతస్తుల ఎత్తున వందల ఏళ్లుగా నిలబడి ఉన్నాయి. అక్కడ భూకంపాలు తరచు వస్తాయి కనుక జ్ఞాపకం చెరగలేదు. గచ్చుసున్నం గారి సూత్రమే ఇక్కడ తిరగేసి పనిచేసింది.

కశ్మీర్‌లో ధజ్జీ దీవారీ. కర్ర చట్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో ఇటుకో రాయో నింపుతారు. ఆ పేరుకు అర్థం అతుకుల గోడ. అతుకుల బొంతలా కదులుతుంది, కూలదు. 2005 అక్టోబరు 8న 7.6 తీవ్రత భూకంపం తరువాత, సిమెంటు ఇళ్లు మాత్రమే సాయానికి అర్హం అనుకున్న పాకిస్తాన్ ప్రభుత్వం మనసు మార్చుకొని ధజ్జీ ఇంటినీ ఆమోదించింది. కొండ ఊళ్లలో వేల కుటుంబాలు తమకు తెలిసిన పద్ధతిలోనే తిరిగి కట్టుకున్నాయి.

గచ్చుసున్నం | మంగళవారం, ఉదయం 6:55

ఒప్పుకుంటున్నాను. నేను 'సంప్రదాయం' అని గుండుగుత్తగా మాట్లాడాను. కర్రలు వేసి కుట్టిన గోడ, కుట్టని గోడ వేరు. లింటెల్ ఎత్తున, అంటే తలుపులు, కిటికీల పైభాగాన, ఇంటి చుట్టూ కాంక్రీటు పట్టీ వేయమని మేము ఈనాడు చెప్పేదీ, ఆ దేవదారు దూలం చేసేదీ ఒకే పని: నాలుగు గోడలనూ ఒక పెట్టెలా బిగించడం. బెల్టు అనుకోండి.

దీన్ని చెప్పే తీరు గురించి ఒక ఉపాయం. నేపాల్‌లో ఎన్‌సెట్ అనే సంస్థ వాళ్లు ఊగే బల్ల మీద రెండు బుల్లి ఇళ్లు పక్కపక్కన పెడతారు. ఒకటి పట్టీలు వేసినది, ఒకటి మామూలుది. జనం ముందు బల్లను ఊపుతారు. ఒకటి పేకమేడలా రాలుతుంది, రెండోది పగుళ్లతో నిలబడుతుంది. నేను అరగంట గీసి చెప్పేది ఆ అరనిమిషంలో ఎక్కుతుంది. మేస్త్రి గారి పెద్దాయన మాట ఆ బల్ల పక్కన చెబితే ఎలా ఉంటుందో ఊహించండి.

కానీ నా ప్రధాన భయం ఇంకా అలాగే ఉంది. 'అదిరితే బయటికి ఉరుకు' అన్న పాత మాట దాదాపు అన్ని చోట్లా ఉంది. ఒకే గది, తేలిక కప్పు, రెండు అంగల్లో వాకిలి ఉన్న ఇంట్లో అది తప్పు కాదు. బలహీనమైన మట్టి ఇంట్లో, వాకిలి పక్కనే ఉంటే, ఇవాళ కూడా ఆ సలహానే ఇస్తారు. అదే మాటను నాలుగో అంతస్తులోకి తెస్తే మనిషి మెట్ల మీద దొరికిపోతాడు, లేదా గుమ్మం దాటగానే పిట్టగోడ నెత్తిన పడుతుంది. ఇల్లు మారింది, మాట మారలేదు. మంచి కట్టడంలో ఉన్నవాళ్లు నేల మీదికి వంగి, బల్ల కింద దూరి, ఊపు ఆగేదాకా దాని కాలు పట్టుకోవాలి.

పలకబలపం | మంగళవారం, ఉదయం 8:20

బడిపిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మాట ఎలా మారాలి అన్నది పట్టుకొని జపాన్ సంగతి చెబుతాను.

సన్రికు తీరంలో 'తెందెంకో' అన్న మాట ఉంది. సునామీ వస్తే ఎవరికి వారు పరుగెత్తండి, ఒకరి కోసం ఒకరు ఆగకండి అని. వినగానే కఠినంగా ఉంటుంది. 1896లో అక్కడ 22,000 మంది దాకా పోయారు. పిల్లల కోసం తల్లి, తల్లి కోసం కొడుకు వెనక్కి వెళ్లి కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయిన చోటు. ఆ బాధలోంచి పుట్టిన మాట అది. అయితే ఈ 'సునామీ తెందెంకో' అన్న నినాదం ఈ రూపంలో ప్రచారంలోకి వచ్చింది 1990 ప్రాంతంలో, ఫుమియో యమషిత అనే సునామీ చరిత్రకారుడి వల్ల. బాధ పాతది, నినాదం కొత్తది. ఎవరైనా పాత మాటకు మెరుగు పెట్టడం తప్పు అంటే ఇది గుర్తుచేసుకోండి.

కమైషి నగరంలో తొషితక కతాద అనే ఆచార్యుడు ఈ మాటను పట్టుకొని ఏళ్ల తరబడి పిల్లలకు శిక్షణ ఇచ్చాడు. 2011 మార్చి 11న ఒక పెద్ద బడి పిల్లలు ఊగడం ఆగగానే ఎవరి ఆజ్ఞ కోసమూ చూడకుండా పరుగు తీశారు. పక్కనున్న చిన్న బడి పిల్లలు అప్పటికే పై అంతస్తుకు ఎక్కి ఉన్నారు. పెద్దవాళ్లు పరుగెత్తడం చూసి వాళ్లూ దిగి వెంటపడ్డారు. ముందే నిర్ణయించిన చోటికి చేరాక, వెనక కొండచరియ విరగడం చూసి ఇది చాలదని ఇంకా పైకి వెళ్లారు. చిన్నవాళ్ల చేతులు పెద్దవాళ్లు పట్టుకున్నారు. ఆ రెండు బడులనూ నీళ్లు ముంచేశాయి. నగరంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ రోజు బడికి వచ్చిన దాదాపు 3,000 మంది పిల్లలు మిగిలారు.

ఎవరికి వారు అన్న మాట లోపల ఒక నమ్మకం ఉంది: అమ్మ కూడా పరుగెత్తే ఉంటుంది, నేను ఆగక్కర్లేదు. అందుకే పిల్లలకు చెప్పేముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒప్పించాలి. ఒక వైపే చెబితే ఆ మాట నిలవదు.

ఒడ్డునపడవ | మంగళవారం, మధ్యాహ్నం 1:05

నేను మొదట చెప్పినదానికి ఒక సవరణ. 'సముద్రం వెనక్కి పోతే' అన్న గుర్తును గట్టిగా పట్టుకుంటే ప్రమాదం. ప్రతిసారీ నీళ్లు ముందు వెనక్కి తగ్గవు. 2004లోనే కొన్ని తీరాలకు తగ్గుడు ముందు వచ్చింది, మరికొన్నిటికి అలే ముందు వచ్చింది. తీరాన ఉన్నవాడికి గట్టి అదురొక్కటే చాలు.

తెలివి ఎవరి దగ్గర ఉంది అన్నది కూడా చూడాలి. 2007 ఏప్రిల్ 2న సొలొమన్ దీవుల్లో 8.1 తీవ్రత భూకంపం, సునామీ వచ్చాయి. మొత్తం 52 మంది పోయారు. తరాల నుంచి అక్కడే ఉన్నవాళ్లు వెంటనే పైకి వెళ్లారు. కిరిబాటి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఆ నేల కథలు తెలియవు. వాళ్ల పిల్లలు ఎక్కువగా పోయారు. స్థానిక తెలివి గాలిలో ఉండదు, చెప్పిన ఇంట్లోనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి ఎవరు చెబుతున్నారు అన్న ప్రశ్న కరపత్రం రాసేవాళ్లు వేసుకోవాలి.

ఇసుకగడియారం | మంగళవారం, సాయంత్రం 5:40

జపాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క ముచ్చట. ఒక పెద్దమనిషి కొండ మీద నుంచి రానున్న అలను చూసి, అప్పుడే కోసిన వరికుప్పలకు నిప్పు పెట్టాడని, మంట ఆర్పడానికి పైకి వచ్చిన ఊరంతా బతికిందని కథ ఉంది. జపాన్ బడి పుస్తకాల్లో పాఠంగా కూడా ఉండేది. అసలు మనిషి పేరు హమగుచి గోర్యో, ఏడాది 1854. నిజంగా జరిగింది వేరు. తొలి అల వచ్చాక చీకట్లో దారి తెలియక తిరుగుతున్నవాళ్లకు గుట్ట ఎటుందో తెలియడానికి ఆయన గడ్డివాములు వెలిగించాడు. ఆ తరువాత సొంత డబ్బుతో కట్ట కట్టించాడు. ఊరివాళ్లకు పని దొరికింది, 1946లో వచ్చిన సునామీ నుంచి ఊళ్లో ఎక్కువ భాగాన్ని ఆ కట్టే కాపాడింది. నా దృష్టిలో మంటకన్నా కట్ట గొప్పది. కానీ కట్ట కథ పిల్లలకు ఎక్కదు, మంట కథ ఎక్కుతుంది! ఐక్యరాజ్యసమితి నవంబరు 5ను సునామీ అవగాహన దినంగా ఎంచుకున్నది కూడా ఆ మంట రోజు గుర్తుగానే.

అనెయోషి అనే పల్లెలో మంట లేదు, పాట లేదు, ఒక రాయి ఉంది. ఈ రాయికి దిగువన ఇళ్లు కట్టవద్దని దాని మీద చెక్కి ఉంది. 1896 సునామీలో ఆ పల్లెలో మిగిలింది ఇద్దరు, 1933 సునామీలో నలుగురు. ఆ తరువాత నాటిన రాయి అది. 2011లో నీళ్లు ఆ రాయి కిందనే ఆగాయి. పైనున్న ఇళ్లు తడవలేదు.

నిద్రపట్టనిపిల్లి | మంగళవారం, రాత్రి 11:32

జంతువుల విషయంలో నేను తగ్గుతున్నాను, తాంగ్‌షాన్ సంగతి నాకు తెలియదు. కానీ పురాణ కథలను పూర్తిగా పారేయమనకండి. ఆదిశేషుడు తల మార్చుకున్నాడు కాబట్టి భూమి అదిరింది అని విన్నవాడికి కనీసం నేల కదులుతుంది అన్న ఎరుక అయినా ఉంటుంది కదా.

ఇసుకగడియారం | బుధవారం, ఉదయం 7:10

పారేయమనడం లేదు. జపాన్‌లో నేల కింద నమాజు అనే పెద్ద వాలుగ చేప ఉందని, అది కదిలితే భూకంపమని నమ్మేవారు. 1855లో భూకంపానికి 'ఎదో' నగరం (ఇప్పటి టోక్యో) కూలినప్పుడు ఆ చేప బొమ్మలు కుప్పలుగా అచ్చయ్యాయి. ఇవాళ ఎవరూ నమ్మరు. కానీ భూకంప సమయంలో అత్యవసర వాహనాలకు కేటాయించే రహదారుల సూచిక పలకల మీద ఆ చేపే ఉంటుంది. కారణంగా పనికిరాకుండా పోయిన చేప గుర్తుగా పనికొచ్చింది. శేషుడికీ అలాంటి ఉద్యోగం ఇవ్వవచ్చు, 'శేషుడు కదిలితే బల్ల కిందికి' అని. కోపం, పాపం, శిక్ష మాత్రం తగిలించకండి. బాధితుణ్ణే దోషిని చేసే కథ సాయం చేసే చేతులను ఆపేస్తుంది.

నడిచేగుట్ట | బుధవారం, రాత్రి 8:26

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. కరపత్రం పక్కన పెట్టేశాను. గుర్తు, దాని వెనకే పని అన్న పడవ గారి మాట పట్టుకొని, గచ్చుసున్నం గారి పద్ధతి కలిపి, పిల్లల కోసం ఒక పొడుపు కథ అల్లాను:

చేతుల్లేవు, ఇల్లంతా ఊపుతుంది.
కాళ్లు లేవు, ఊరంతా తిరుగుతుంది.
అది వస్తే నేనెక్కడ?
నాలుగు కాళ్ల కింద!

ఎలా ఉంది? శనివారం ఇరవై మంది పిల్లలతో చూడబోతున్నాను.

పలకబలపం | బుధవారం, రాత్రి 9:02

లయ బాగుంది. 'నాలుగు కాళ్ల కింద' దగ్గర పిల్లలు నవ్వుతారు, గుర్తుంటుంది. చెప్పించి ఊరుకోకండి, చేయించండి.

నడిచేగుట్ట | ఆదివారం, ఉదయం 10:18

చూశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, నవ్వకండి.

పది నిమిషాల్లో ఇరవై మందికీ నోటికి వచ్చేసింది. ఆటల్లో కూడా పాడుకున్నారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. గంట తరువాత చెప్పకుండా పళ్లెం మీద గరిటెతో గట్టిగా వాయించి "అదురు వచ్చింది!" అన్నాను. ఇరవై మందీ ఉన్నచోటే నిటారుగా నిలబడి, చేతులు కట్టుకొని, పొడుపు కథ మొత్తం ఏకకంఠంతో అప్పజెప్పారు. ఒక్కరూ వంగలేదు! అయిపోయాక చప్పట్లు కూడా కొట్టారు.

నాలుగు కాళ్లవి ఏవేవి అని అడిగితే బల్ల, మంచం, కుర్చీ అన్నారు. ఒక బుడతడు గేదె అన్నాడు. వాడిది తప్పనడానికి నా దగ్గర వాదన లేకపోయింది.

గచ్చుసున్నం | ఆదివారం, ఉదయం 10:50

నవ్వాను, క్షమించండి. కానీ మీరు కనిపెట్టింది చిన్న విషయం కాదు. మాట గుర్తుండటం, పని గుర్తుండటం ఒకటి కావు. సిమ్యులూ వాళ్లు 'స్మొంగ్' అన్న మాటను అప్పజెప్పలేదు, అది వినబడగానే కాళ్లు కదిలాయి.

తాపీమేస్త్రి | ఆదివారం, మధ్యాహ్నం 2:15

మాకు పని నేర్పేటప్పుడు జవాబు నోటితో చెబితే ఒప్పుకునేవారు కాదు. "గోడ వాలిందా?" అని అడిగితే గుండు వేసి చూపించాలి, మాట్లాడకూడదు. మీ పొడుపు కథకు కూడా జవాబు నోటితో చెప్పకూడదని నియమం పెట్టి చూడండి.

పలకబలపం | ఆదివారం, మధ్యాహ్నం 2:31

మేస్త్రి గారూ, మీరు బడికి రావాలి. అదే నియమం. నాలుగో వాక్యం తీసేయండి. 'అది వస్తే నేనెక్కడ?' దగ్గర కథ ఆగాలి. ఆ పైన మాట్లాడినవాళ్లు ఓడినట్టు.

నడిచేగుట్ట | తరువాతి ఆదివారం, సాయంత్రం 6:40

నాలుగో వాక్యం తీసేశాను. ఈసారి మూడో వాక్యం పూర్తికాకముందే పద్నాలుగు మంది బల్లల కింద ఉన్నారు, కాళ్లు పట్టుకొని. మిగిలిన ఆరుగురికి బల్లలు చాలలేదు. వాళ్లకు లోపలి గోడ వారగా, కిటికీకి దూరంగా కూర్చొని చేతులతో తల, మెడ కప్పుకోవడం నేర్పాను. పడవ గారి సూచన మీద, కొత్తగా ఊరికి వచ్చిన ఇద్దరు పిల్లల చేత మిగతావాళ్లకు చెప్పించాను. అందరికన్నా గట్టిగా వాళ్లే అరిచారు.

ఒక సందేహం మిగిలింది. అరుగు మీద కూర్చొని చూస్తున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచి, "నాకు మోకాళ్లు వంగవు నాయనా, నేను దూరేదెక్కడికి? ముసలివాళ్లకు వేరే పొడుపు కథ లేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

గచ్చుసున్నం | తరువాతి ఆదివారం, రాత్రి 7:25

మంచం మీద ఉంటే దిగవద్దని చెప్పండి. చీకట్లో దిగి నడిచేవాళ్లకే పగిలిన గాజు, పడిన సామాను తగులుతాయి. బోర్లా తిరిగి తలనూ మెడనూ దిండుతో కప్పుకోవాలి. కుర్చీలో ఉంటే ముందుకు వంగి చేతులతో తల కాచుకోవాలి. మంచం నెత్తిన బరువైనదేదీ ఉండకూడదు, అది అన్నిటికన్నా ముఖ్యం.

నడిచేగుట్ట | సోమవారం, రాత్రి 8:12

వెళ్లి చెప్పాను. విని, కాసేపు ఆలోచించి, ఆమే కట్టింది: "తల కింది తలగడ తల మీదికి." నేను మూడు రోజులు కూర్చున్నా ఇంత పొందికగా వచ్చేది కాదు. అక్కడున్న మిగతా పెద్దవాళ్లు అప్పుడే పట్టుకున్నారు.

ఆమె మంచం మాత్రం సరిగ్గా అటక కింద ఉంది. అటక మీద రెండు ఇత్తడి బిందెలు, ఒక ఇనుప పెట్టె. పెట్టెలో ఏముందో చెప్పదు, దింపనివ్వదు. మంచాన్నయినా జరపనిస్తుందేమో అని రేపు మేస్త్రి గారిని వెంటబెట్టుకొని వెళ్తున్నాను.

తాపీమేస్త్రి | సోమవారం, రాత్రి 8:40

వస్తాను. అటకకు అంచు పట్టీ కొట్టడానికి మేకులు, కర్ర నేను తెస్తాను. పెట్టె సంగతి మీరు చూసుకోండి.